“ఫిల్టర్ నీళ్లే పోస్తున్నామండీ”: బెంగళూరు ఫ్లాట్‌లో తొమ్మిది కొత్త మొక్కల కేసు

2024 మార్చి 9, శనివారం. ఏఈసీఎస్ లేఅవుట్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్. తలుపు తీసిన అమ్మాయి చేతిలో చేట ఉంది, చేటలో గుప్పెడు ఫైకస్ ఆకులు. “పొద్దున్నే ఊడ్చానండీ, మళ్లీ ఇన్ని రాలాయి” అంది. పచ్చగా ఉన్న ఆకులు కూడా రాలుతున్నాయి. ఆమెను భయపెట్టింది అదే.

ఇళ్లకు వెళ్లి మొక్కలు చూడటం నా పని. నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం మొక్క కొన్న నెలకో నెలన్నరకో వస్తాయి. అప్పటిదాకా మొక్క తను దాచుకున్న బలంతో నెట్టుకొస్తుంది. అది అయిపోయాక సమస్య బయటపడుతుంది. ఈ ఇంట్లోనూ అంతే. జనవరి చివర్లో గృహప్రవేశం. దానికోసం రోడ్డు పక్క నర్సరీలో తొమ్మిది మొక్కలు కొన్నారు: నాలుగడుగుల అరెకా పామ్, ఫైకస్ బెంజమినా, రెండు పీస్ లిల్లీలు, రెండు అగ్లోనిమాలు, ఒక కలాథియా, ఒక జీజీ ప్లాంట్, ఒక స్నేక్ ప్లాంట్. నర్సరీ వాళ్లు అక్కడికక్కడే కవర్లు చింపి, పింగాణీ కుండీల్లో పెట్టి, చుట్టూ కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) నింపి ఇచ్చారు. కుండీలు హాలు సోఫాకు నప్పేలా తెల్లవి. అగ్లోనిమాల కుండీలకు అడుగున రంధ్రం లేదు. “కింద గులకరాళ్లు వేశాం, నీళ్లు నిలవవు” అని చెప్పి పంపారట.

ఇంట్లో భార్యాభర్తలు, రెండున్నరేళ్ల బాబు, రాజమండ్రి వైపు నుంచి వచ్చిన అత్తగారు. ఆవిడ పుట్టిల్లు కడియం మండలమే. మొక్కలు ఎక్కడివని అడిగితే నర్సరీ వాళ్లు కడియం లోడు అన్నారట. “మా ఊరి మొక్కలే ఇక్కడికొచ్చి ఇలా అయిపోయాయి బాబూ” అని ఆవిడ నిజంగా బాధపడుతోంది.

కడియం మాట ఈ కేసులో ముఖ్యం. కడియపులంక, కడియపుసావరం, బుర్రిలంక, వేమగిరి, ఆ హైవే పొడవునా నర్సరీలే. బెంగళూరు రోడ్ల పక్క అమ్మే మొక్కల్లో చాలా భాగం అక్కడి నుంచి లారీల్లో వచ్చినవే. గోదావరి గాలిలో తేమ ఎక్కువ. మొక్కలు షేడ్‌నెట్ (ఎండ తగ్గించే వల) కింద పెరుగుతాయి. వేళ్ల చుట్టూ ఉండేది జిగురు మట్టి. దారి పొడవునా ముద్ద విడిపోకుండా, తడి ఆరిపోకుండా ఉండాలంటే అదే మంచిది. లారీ దిగాక మాత్రం ఆ గుణమే ఇబ్బంది పెడుతుంది.

మొదటి రోజు చూసింది

ముందు వెలుతురు కొలిచాను. టీవీ పక్క మూల, అంటే ఫైకస్ ఉన్న చోట, మధ్యాహ్నం 90 లక్స్. తూర్పు బాల్కనీ తలుపుకు అడుగు దూరంలో 2,400. కడియంలో షేడ్‌నెట్ కింద వేలల్లో ఉండే వెలుతురుకు తగ్గట్టు తయారైన ఆకులవి. చీకటి మూలలో పెడితే ఆ ఆకు తయారుచేసే తిండి కన్నా తను బతకడానికి ఖర్చుపెట్టేదే ఎక్కువవుతుంది. అలాంటి ఆకును చెట్టు మోయదు, రాల్చేస్తుంది. ఫైకస్ బెంజమినా ఈ విషయంలో మరీ తొందరపడుతుంది. ఆకు రాలడం అంటే చావు కాదని, కొమ్మ గీకితే లోపల పచ్చగా ఉందని చూపించాను. ఆ పచ్చదనం చూశాక ఆ అమ్మాయి టెన్షన్ కాస్త తగ్గింది.

గాలిలో తేమ 34 శాతం. బెంగళూరు మార్చి మధ్యాహ్నానికి ఇది మామూలే. కలాథియాకు అది చాలదు. దాని ఆకులు అప్పటికే అప్పడాల్లా చుట్టుకుపోయాయి. అది బతకదేమోనని ఆ రోజే చెప్పాను. మంచి మాట చెప్పి ఆశ పెట్టడం నాకు ఇష్టం ఉండదు.

తర్వాత కుండీలు. నేను వేలుతో పైమట్టి తడిమి ఊరుకోను. కోకోపీట్ పైన ఎండినట్టు కనిపించి కింద బురదగా ఉండగలదు. అగరుబత్తి పుల్లంత సన్నటి వెదురు పుల్లను ఒకసారి అంచు దగ్గర, ఒకసారి కాండం పక్కన అడుగుదాకా గుచ్చి, పది నిమిషాలు ఉంచి తీస్తాను. అరెకాలో అంచు దగ్గర పుల్ల తడిగా వచ్చింది. కాండం పక్కన అసలు దిగలేదు. మొక్కను పైకి తీసి చూస్తే చుట్టూ తడి కోకోపీట్, మధ్యలో ఇటుకలా ఎండిన మట్టిముద్ద. వేళ్లన్నీ ఆ ముద్దలోనే ఉన్నాయి. జిగురు మట్టి ఒకసారి పూర్తిగా ఎండితే ముడుచుకుంటుంది, చుట్టూ సందు వస్తుంది. పోసిన నీళ్లు ఆ సందులోంచి కిందికి జారిపోతాయి. కుండీ తడిగా ఉంటుంది, మొక్కకు మాత్రం దాహం తీరదు.

అగ్లోనిమాల్లో దీనికి పూర్తిగా తిరగబడిన కథ. రంధ్రం లేని కుండీలో నీళ్లు అడుగున నిలిచి, అదే మట్టిముద్ద నానిపోయి, వేళ్లు కుళ్లాయి. తీయగానే మురుగు వాసన. ఒకటి అప్పటికే మొదలు మెత్తబడి పోయింది. గులకరాళ్ల గురించి ఒక మాట. అడుగున రాళ్లు వేస్తే నీళ్లు దిగుతాయన్నది చాలామంది నమ్మకం. సన్నటి మట్టి తన నీటిని కింద ఉన్న పెద్ద సందుల్లోకి అంత తేలిగ్గా వదలదు. అందుకే కుండీ అడుగున ఉండాల్సిన తడి పొర రాళ్ల పైకి, వేళ్లకు ఇంకా దగ్గరికి వస్తుంది. రంధ్రానికి బదులు రాళ్లు పనిచేయవు.

పీస్ లిల్లీలు రెండూ వాలిపోయి ఉన్నాయి. ఒకదానిలో మట్టి ఎండింది, రెండోదానిలో వేళ్లు కుళ్లాయి. పైకి మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి. కుళ్లిన వేరు కూడా నీళ్లు తాగలేదు కాబట్టి ఆకు వాలుతుంది. ఆ అమ్మాయి రెంటికీ నీళ్లే పోసింది. ఆమె తప్పు పట్టడానికి లేదు, పైనుంచి తేడా తెలియదు. పుల్ల గుచ్చితేనో, కుండీ ఎత్తి బరువు చూస్తేనో తెలుస్తుంది.

ఇంకో రెండు విషయాలు మాటల్లో బయటపడ్డాయి. ఆకులు పసుపెక్కుతున్నాయని ఆమె 19:19:19 ఎరువును (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండేది) వారానికోసారి లీటరుకు ఐదు గ్రాముల చొప్పున పోస్తోంది. అత్తగారు బియ్యం కడిగిన నీళ్లు పోస్తోంది. కోకోపీట్ ఎప్పుడూ తడిగా ఉండటం, దానికి బియ్యం కడుగు తోడవడంతో మట్టిలోంచి చిన్న నల్ల ఈగలు లేస్తున్నాయి. వీటిని ఫంగస్ నాట్స్ అంటారు. మనుషులకు హాని లేదు. వాటి పురుగులు మట్టి పైపొరలో, తడిలో పెరుగుతాయి.

ఆ రోజు చేసినవి: ఎరువు ఆపించాను. ఫైకస్‌ను బాల్కనీ తలుపుకు దగ్గరగా పెట్టి, మళ్లీ కదపొద్దన్నాను. బతికున్న అగ్లోనిమాకు, కుళ్లు పట్టిన పీస్ లిల్లీకి చెడ్డ వేళ్లు కత్తిరించి రంధ్రాలున్న మామూలు ప్లాస్టిక్ కుండీల్లోకి మార్చాను. అరెకాను టబ్బులో బుడగలు ఆగేదాకా, సుమారు ముప్పావు గంట నానబెట్టాను. ఈగలకు పసుపు జిగురు అట్టలు పెట్టి, పైన రెండంగుళాలు ఎండేదాకా నీళ్లు వద్దన్నాను.

బాబు కోసం కూడా ఒకటి చెప్పాను. పీస్ లిల్లీ, అగ్లోనిమా, జీజీ ప్లాంట్ ఒకే కుటుంబం. ఆకుల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. పచ్చి చేమ ఆకు నోట్లో పెట్టుకుంటే దురద పుట్టేది వీటివల్లే. పిల్లవాడు కొరికితే నోరు, నాలుక మండి వాచిపోతాయి. చేమ పేరు చెప్పగానే అత్తగారు లేచి ఆ కుండీలన్నీ ఎత్తు మీదికి చేర్చేసింది.

వెళ్లే ముందు అడిగాను, “నీళ్లు ఏవి పోస్తున్నారు?” అని. “ఫిల్టర్ నీళ్లే పోస్తున్నామండీ, రోజూ” అంది. మంచిదే అనుకున్నాను. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ నా సంచిలోనే ఉంది. తీయలేదు.

రెండో రోజు: బకెట్

మార్చి 23న మళ్లీ వెళ్లాను. ఈగలు చాలావరకు తగ్గాయి. అగ్లోనిమా నిలబడింది. కలాథియా దాదాపు పోయినట్టే. ఫైకస్ ఇంకా రాలుస్తోంది, అది నేను ఊహించిందే. నాకు అర్థం కానిది అరెకా. నానబెట్టాక ముద్ద తడిసింది, అయినా ఆకు కొనలు మునుపటికన్నా ఎక్కువ మాడుతున్నాయి. కొన దగ్గర గోధుమరంగు, దాని వెనక సన్నటి పసుపు గీత. కోలుకున్న పీస్ లిల్లీలోనూ అదే. కుండీ అంచున, మట్టి మీద తెల్లటి పొర.

“ఆ ఫిల్టర్ నీళ్లు ఒకసారి చూపిస్తారా?” అని అడిగాను. ఆమె వంటింట్లోకి తీసుకెళ్లింది. వాటర్ ప్యూరిఫయర్ నుంచి బయటికొచ్చే పైపు కింద ఒక బకెట్. ఫిల్టర్ నీళ్లంటే నేను అనుకున్నవి తాగే నీళ్లు. వాళ్లు పోస్తున్నవి ఫిల్టర్ వదిలేసే నీళ్లు. ఆ నెలలో నగరమంతా నీటి కరువు. బోర్లు ఎండిపోయాయి, ట్యాంకర్ల కోసం ఎదురుచూపులు. తాగునీటిని తోటలకు, కార్లు కడగడానికి వాడితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ఆదేశం ఇచ్చింది కూడా ఆ మార్చిలోనే. ఆ పరిస్థితిలో ఒక్క చుక్క వృథా చేయకూడదని వాళ్లు పట్టిన బకెట్ అది. మంచి ఉద్దేశమే. నేను మొదటి రోజే మీటర్ పెట్టి ఉంటే ఆ మొక్కలకు రెండు వారాల బాధ తప్పేది.

కొలిచాం. టీడీఎస్ లీటరుకు మిల్లీగ్రాముల్లో చెబితే, ప్యూరిఫయర్ ఇచ్చే తాగునీరు 60. కుళాయి నీరు 720. బకెట్‌లోది 1,160. తాగే నీటికి మన దేశపు ప్రమాణం 500 దాకా మంచిదంటుంది. ప్యూరిఫయర్ లోపలికి వెళ్లిన ఉప్పు ఎక్కడికీ మాయం కాదు, వదిలేసే నీళ్లలో చిక్కబడుతుంది. లెక్క కట్టి చూపించాను. లీటరుకు 1.16 గ్రాములు. ఇన్నాళ్లలో అరెకాకు ఇరవై లీటర్లు పోశారు, కింద పళ్లెంలో చేరినవి పారబోయలేదు. అంటే దాదాపు 23 గ్రాములు, సుమారు నాలుగు టీస్పూన్ల ఉప్పు ఆ కుండీలోనే ఉంది. పైగా ఎరువు. అది కూడా మొక్క వాడుకునేదాకా ఉప్పే.

కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే ఇంకోటి తట్టింది. 720 ఉన్న బోరు నీళ్లలో సబ్బు సరిగా నురగ రాకూడదు. ఇక్కడ చక్కగా వస్తోంది. కిందికి వెళ్లి మెయింటెనెన్స్ అబ్బాయిని అడిగితే పంపుల గదిలో ఉప్పు బస్తాలు చూపించాడు. సాఫ్ట్‌నర్. అది నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పట్టేసుకుని బదులుగా సోడియం వదులుతుంది. గీజర్‌కు, వాషింగ్ మెషీన్‌కు మంచిది. టీడీఎస్ మాత్రం దాదాపు అలాగే ఉంటుంది, ఉప్పు రకం మారుతుంది అంతే. మట్టికి సోడియం పడదు. జిగురు మట్టి రేణువులు విడిపోయి, సందులు పూడిపోయి, తడిస్తే బంకలా, ఎండితే ఇటుకలా తయారవుతుంది. మొదటి రోజు అరెకా ముద్దలోకి పుల్ల దిగకపోవడానికి మట్టి ఎండిపోవడం ఒక్కటే కారణం కాదన్నమాట.

ఇదంతా వింటూ ఉన్న అత్తగారు ఒక్క మాటలో తేల్చేసింది: “అంటే కుండీలో చౌడు పట్టింది. అంతేనా బాబూ?”

అంతే. నేను పది నిమిషాలుగా చెబుతున్నది ఆ మాటే. పైగా మన రైతులు చౌడును రెండు రకాలుగా చూస్తారు. తెల్లగా ఉప్పు పేరేది పాలచౌడు, మంచి నీళ్లు పెట్టి కడిగితే దిగుతుంది. సోడియం పట్టి గట్టిపడేది కారుచౌడు, దానికి నీళ్లొక్కటే చాలవు, జిప్సమ్ వేయాలి. ఈ కుండీలో రెండూ ఉన్నాయి.

చౌడు కడిగిన తీరు

అపార్ట్‌మెంట్ తోట కుళాయి సాఫ్ట్‌నర్‌కు ముందే తీసిన లైను. టీడీఎస్ 690, గట్టి నీరే, కానీ అందులో కాల్షియం ఉంది. దానికి సగానికి సగం తాగునీరు కలిపితే 375. ఇక నుంచి మొక్కలకు ఇదే. బతికున్న మొక్కలన్నిటికీ కలిపి వారానికి పది లీటర్లు మించవు కాబట్టి తాగునీరు ఐదు లీటర్లే ఖర్చవుతుంది.

కడగడానికి మాత్రం ఎక్కువ నీళ్లు కావాలి. ఆ కరువులో అడగడానికే మొహమాటం వేసింది. కుండీని బాత్రూమ్‌లో వెడల్పాటి టబ్బు మీద రెండు ఇటుకలపై నిలబెట్టాం. మట్టి మీద ఒక టీస్పూను జిప్సమ్ పొడి చల్లి, కలిపిన నీటిని చెంబుతో ఆగి ఆగి పోశాం, కుండీ పరిమాణానికి రెండింతలు. కిందికి వచ్చిన నీరు మొదట 2,900 చూపించింది, చివర్లో 600కి దిగింది. ఆ నీళ్లన్నీ టాయిలెట్ ఫ్లష్‌కి వాడుకున్నారు. ప్యూరిఫయర్ బకెట్ కూడా అప్పటి నుంచి ఫ్లష్‌కి, ఇల్లు తుడవడానికి.

అరెకాను ఆ రోజే కుండీ మార్చమని భర్త అడిగాడు. వద్దన్నాను. వేళ్లు దెబ్బతిని ఉన్నప్పుడు, ఎండలు ముదురుతున్నప్పుడు ముద్ద కదిపితే ఉన్న నాలుగు వేళ్లూ పోతాయి. కొత్త మొక్క విషయంలో మనం చేసే పొరపాటంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. చోటు మారడమే దానికి పెద్ద దెబ్బ. అదే వారంలో కుండీ మారుస్తాం, ఎరువు వేస్తాం, రోజూ నీళ్లు పోస్తాం, సోఫా పక్క నుంచి టీవీ పక్కకు జరుపుతాం. ఒక్కోటి విడిగా అయితే తట్టుకుంటుంది. అన్నీ కలిసొస్తే తట్టుకోలేదు. అప్పుడు దేనివల్ల పోయిందో కూడా మనకు తెలియదు.

ఆ ఏప్రిల్ నెలంతా బెంగళూరులో చినుకు లేదు. కలాథియా మార్చి 30న పోయింది. ఫైకస్ ఏప్రిల్ మధ్యదాకా ఆకులు రాల్చి, ఇంచుమించు మోడులా నిలబడింది. ఆ రోజుల్లో ఆ అమ్మాయి రెండుసార్లు ఫోన్ చేసి “తీసేద్దామా?” అని అడిగింది. కొమ్మ గీకి ఫొటో పంపమన్నాను. పచ్చగానే ఉంది. ఏప్రిల్ చివరి వారంలో కొమ్మల చివర మొలకలు కనిపించాయి. తక్కువ వెలుతురుకు తగ్గట్టు పుట్టిన ఆకులు, మునుపటికన్నా కొంచెం పల్చగా, వెడల్పుగా వచ్చాయి. అవి నిలిచాయి.

మే మొదటి వారంలో వాన పడింది. బాల్కనీలో టబ్బు పెట్టి పట్టుకున్నారు. టీడీఎస్ 20 దాటలేదు. ఆ నీళ్లతో అరెకాను ఇంకోసారి కడిగారు. మే మూడో వారంలో దాని నడుమ మొవ్వు విచ్చుకుంది, కొన మాడకుండా. పాత ఆకుల మాడిన కొనలు మళ్లీ పచ్చబడవు. వాటిని కత్తెరతో ఆకు ఆకారంలోనే, గోధుమ గీత కొద్దిగా మిగిలేలా కత్తిరించాం. పచ్చ భాగం దాకా కోస్తే కొత్తగా అక్కడ మాడుతుంది.

జూన్‌లో వాతావరణం చల్లబడ్డాక అరెకా కుండీ మార్చాం. మట్టిముద్దను మొత్తం విడగొట్టలేదు. బయటి భాగాన్ని మాత్రం నీళ్లలో నానబెట్టి, వేళ్లతో మెల్లగా సడలించాం. చుట్టూ ఉత్త కోకోపీట్ కాకుండా రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు కడిగిన కోకోపీట్, ఒక పాలు వర్మీకంపోస్ట్ కలిపి నింపాం. లోపలి మట్టికి, బయటి మట్టికి తేడా ఎంత తక్కువుంటే నీళ్లు అంత సాఫీగా ఇటూ అటూ కదులుతాయి. కోకోపీట్‌ను కడగాలన్నది ఊరికే చెప్పడం లేదు. చౌక ఇటుకల్లో ఉప్పు ఎక్కువగా ఉండొచ్చు. నానబెట్టిన నీళ్లలో మీటర్ పెడితే తెలుస్తుంది.

జీజీ, స్నేక్ ప్లాంట్ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. దుంపల్లో, ఆకుల్లో నీళ్లు దాచుకునే జాతులు కాబట్టి వాటికి ఈ తిప్పలేవీ పట్టలేదు. స్నేక్ ప్లాంట్‌ను ఆక్సిజన్ ఇస్తుందని పడకగదిలో పెట్టుకున్నారు. మొక్కలు గదిలో గాలిని శుభ్రం చేస్తాయన్న మాట 1989లో నాసా వాళ్లు మూసిన పెట్టెల్లో చేసిన ప్రయోగాల నుంచి వ్యాపించింది. 2019లో డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు అలాంటి ప్రయోగాలన్నీ తిరగేసి, కిటికీలోంచి వచ్చే గాలి చేసే పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని తేల్చారు. మొక్కను చూడటానికి బాగుంటుందని పెట్టుకోండి, ఆ కారణం చాలు అని చెప్పాను.

ఆగస్టులో చివరిసారి వెళ్లినప్పటికి తొమ్మిదిలో ఏడు బతికాయి. పోయినవి కలాథియా, మొదటి అగ్లోనిమా. ఫైకస్‌కు సగానికి పైగా ఆకు వచ్చింది. బకెట్ మీద అత్తగారు పిండి డబ్బా స్టిక్కర్ వెనక వైపు “మొక్కలకు కాదు” అని రాసి అంటించింది.

దసరాకు ఊరెళ్లి వస్తూ ఆవిడ కడియం నుంచి ఒక రబ్బరు మొక్క తెచ్చుకుంది. నవంబరు మొదట్లో ఆ అమ్మాయి ఫొటో పంపింది. మొక్క ఇంకా నల్ల కవరులోనే, బాల్కనీ నీడలో, మిగతావాటికి దూరంగా ఉంది. ఆకుల అడుగున పిండినల్లి ఏమైనా ఉందేమోనని వారానికోసారి తిప్పి చూస్తున్నారట, ఏమీ లేదు. “ఇరవై మూడు రోజులైందండీ, ఇంక మార్చమంటారా?” అని అడిగింది. కవరు రంధ్రాల్లోంచి వేళ్లు కనిపిస్తున్నాయేమో చూడమన్నాను. కనిపించడం లేదంది. అయితే ఉండనివ్వమన్నాను.